వీటీలో తలెత్తి చూసిన రోజు

మా పెదనాన్న ముంబైలో పదకొండేళ్లు మిల్లులో పనిచేశారు. సిరిసిల్ల నుంచి వెళ్లిన చాలామందిలో ఆయనొకరు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మె ఎంతకీ తెగకపోయేసరికి ఊరికి వచ్చేశారు. ఇప్పటికీ ముంబై మాట వస్తే "వీటీలో రైలెక్కితేనా..." అని మొదలుపెడతారు. పోయిన జనవరిలో ఆయన్ని తీసుకుని రెండు రోజులు వెళ్లొచ్చాను. చూడాలనుకున్నది ముఖ్యంగా ఆ స్టేషన్నే. "స్టేషన్ చూడ్డానికి అంత దూరమా?" అని ఇంట్లో నవ్వారు.

వీటీ అంటే పాత విక్టోరియా టెర్మినస్. 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది, 2017లో పేరులో 'మహారాజ్' చేరింది. టికెట్ మీద సీఎస్ఎంటీ అని ఉంటుంది గానీ, పాతవాళ్లకి అది వీటీయే.

హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేరుగా అక్కడికే వెళ్తుంది. చిక్కల్లా తెల్లవారకముందే దించేస్తుంది. హోటల్ గది పన్నెండింటికి గానీ ఇవ్వనన్నారు. క్లోక్‌రూమ్‌లో సామాను పెడదామంటే సంచికి తాళం లేనిదే తీసుకోరు. పెదనాన్న చేతి సంచికి తాళం ఎక్కడిది? ఆ వేళప్పుడు కొట్లూ తెరవలేదు. చివరికి వెయిటింగ్ హాల్లో సామాను ముందు పెట్టుకుని కూర్చున్నాం. హాలు శుభ్రంగానే ఉంది, కుర్చీలే చాలవు. స్టేషన్లో పాడ్ గదులు (ఒక మనిషి పడుకునేంత చిన్న గూళ్లు) కూడా ఉన్నాయి గానీ, ఆ సొరంగంలో తాను పడుకోనన్నారాయన.

అదీ మంచికే అయింది. జనం పెరగకముందే లోకల్ రైళ్ల టికెట్ల హాలు చూడగలిగాం. దాన్ని స్టార్ చాంబర్ అంటారు. పైకప్పు కమానుల మధ్య నీలం మీద బంగారు రంగు చుక్కలు, కింద నున్నగా మెరిసే రాతి స్తంభాలు. వాటి మధ్య టికెట్ మెషీన్లు, క్యూ. ఎవరూ తల పైకెత్తరు. ఎనిమిదింటికి మళ్లీ తొంగిచూస్తే నిలబడే చోటు లేదు, నన్ను తోసుకుంటూనే పోయారు. కాబట్టి ఈ హాలు చూడాలంటే ఆరులోపే వెళ్లండి.

బయటి నుంచి చూడాలంటే మాత్రం పొద్దున వద్దు. స్టేషన్ ముఖం పడమటి వైపు. ఉదయం సూర్యుడు వెనకుంటాడు, ఫోటోల్లో రాయంతా నల్లగా వస్తుంది. మూడు దాటాక ఎండ నేరుగా ముఖం మీద పడినప్పుడు చూడాలి, అప్పుడే ఆ పసుపు రాయికి తేనె రంగు వస్తుంది. రోడ్డుకి అవతల కార్పొరేషన్ భవనం దగ్గర ఎత్తుగా ఒక వేదిక కట్టారు. భవనం మొత్తం అక్కడి నుంచే కనిపిస్తుంది. అన్నట్టు ఆ కార్పొరేషన్ భవనమూ ఈ స్టేషన్‌కి నమూనా గీసిన ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్‌దే. ఇది కట్టిన కొన్నేళ్లకే, 1893లో అది పూర్తయింది. తన పనికి తానే పోటీ పెట్టుకున్నాడనిపిస్తుంది. నా ఓటు స్టేషన్‌కే.

1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. ఖర్చు అప్పట్లో దాదాపు 16 లక్షల రూపాయలు. విక్టోరియా రాణి పాలనకి యాభై ఏళ్లు నిండిన 1887లో ఆమె పేరు పెట్టారు. గేటు స్తంభాల మీద ఒక వైపు సింహం, ఇంకో వైపు పులి. సింహం బ్రిటన్, పులి మన దేశం. గుమ్మటం మీద 'ప్రగతి' విగ్రహం, ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో చక్రం. ఆకులూ పక్షులూ జంతువులూ చెక్కిన పనిలో బాంబే ఆర్ట్ స్కూలు విద్యార్థుల చెయ్యి ఉంది. ఊరికే "గోథిక్ శైలి" (పాత యూరప్ చర్చీల తరహా) అని చెప్పి వదిలేస్తారు గానీ, ఆ నెమళ్లనీ కోతుల్నీ చూస్తే చెక్కిన చేతులు ఇక్కడివేనని తెలిసిపోతుంది. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

లోపలి టూర్ సంగతి. భవనంలో రైల్వే ఆఫీసులు నడుస్తున్నాయి కాబట్టి పని దినాల్లోనే, మధ్యాహ్నం మూడు తర్వాత పంపిస్తారు. మేం వెళ్లినప్పుడు తలా 200 రూపాయలు. కింది మ్యూజియంలో ఇంజిన్ల నమూనాలు, పాత గడియారాల లాంటివి ఉన్నాయి. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి బాగుంటుంది, మాకు పావుగంట చాలింది. అసలు డబ్బు గుమ్మటం కింది మెట్లకి ఇవ్వాలి. ఆ రాతి మెట్లు ఒక చివర గోడలోకి దిగి ఉంటాయి, రెండో చివర కింద ఆసరా ఏమీ ఉండదు. మెట్ల మధ్య నిలబడి పైకి చూస్తే రంగుటద్దాల్లోంచి వచ్చే వెలుగు, ఆపైన గుమ్మటం. పెదనాన్నకి మోకాళ్ల నొప్పి. "మెల్లగా ఎక్కండి పెదనాన్నా" అంటే, "నువ్వు ఫోటోలు తీసుకో, నేను వస్త" అని రెయిలింగ్ పట్టుకుని పది నిమిషాల్లో పైకి వచ్చారు. పెద్దవాళ్లని తీసుకెళ్తే ఈ మెట్లు గుర్తుపెట్టుకోండి.

పైన నిలబడి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "జనరల్ బోగీల సీటు కోసం రాత్రే వచ్చి ప్లాట్‌ఫాం మీద పండుకునేటోళ్లం. మీద గింత ఉన్నదని ఎవరికెరుక?"

1853 ఏప్రిల్ 16న దేశంలో మొదటి ప్రయాణికుల రైలు ఈ చోటు నుంచే, అప్పటి బోరీబందర్ స్టేషన్ నుంచి ఠాణేకి బయల్దేరింది. మొదటి కరెంటు రైలూ ఇక్కడి నుంచే, 1925లో కుర్లా దాకా. 2008 నవంబరు 26 రాత్రి ఉగ్రవాదుల కాల్పుల్లో ఈ స్టేషన్లో 58 మంది చనిపోయారు. విష్ణు జెండే అనే అనౌన్సర్ తన గదిలోంచి కదలకుండా మైకులో హెచ్చరిస్తూ జనాన్ని బయటికి పంపాడు. దూరప్రాంత రైళ్ల హాల్లోకి వెళ్లినప్పుడు అదే గుర్తొచ్చింది, ఫోటో తీయాలనిపించలేదు.

బస స్టేషన్ దగ్గరి ఫోర్ట్ అనే ప్రాంతంలో తీసుకున్నాం, నడిచి వెళ్లే దూరమని. దూరం నిజమే. కిటికీ అందం మాత్రం ఫోటోలోనే, తెరిస్తే పక్క భవనం ఏసీ యంత్రాలు. ఆ డబ్బుకి దాదర్‌లో ఇంకొంచెం పెద్ద గది దొరికేది, లోకల్లో రాకపోకలూ సులువే. ఒక్క రాత్రికైతే ఫోర్ట్, రెండు రాత్రులైతే దాదర్ అంటాను. తిండికి ఇబ్బంది లేదు. స్టేషన్ ఎదురుగా ఆరామ్ అనే హోటల్లో వడాపావ్ తిన్నాం, వేడివేడిగా, పచ్చిమిర్చితో. రోడ్డు దాటడానికి సబ్‌వేలోంచే వెళ్లండి, పైన ట్రాఫిక్ ఆగదు.

రాత్రి భవనానికి రంగు లైట్లు వేస్తారు. వట్టి పసుపు వెలుగులో అద్భుతంగా ఉంది. కాసేపటికి ఆకుపచ్చ, ఊదా మారుస్తుంటే పెళ్లి పందిరిలా అనిపించింది.

తిరుగు రైలు రాత్రి పదింటికి అటూ ఇటూగా. బెర్తులు రిజర్వైనవే. అయినా పెదనాన్న ఏడింటికే సంచి సర్దుకుని తలుపు దగ్గర నిలబడ్డారు, సీటు పోతుందని.