మక్క చేన్లో 315: తొమ్మిదేళ్లు వాడాక

315 రైఫిల్ (ప్రతి దెబ్బకూ బోల్టు, అంటే పక్కనున్న పిడి, లాగి తూటా ఎక్కించే తుపాకీ) తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పేదేం లేదు. నా కోపమంతా దాని మీద పెట్టించిన స్కోప్ (గురి చూసే దుర్భిణి) మీద.

తాడ్వాయి, గోవిందరావుపేట వైపు మక్క చేన్లలో అడవి పందుల కోసం ఫారెస్టు వాళ్ల పర్మిషన్ కాగితం వచ్చినప్పుడే వెళ్తా (1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం ఉంది, కాగితం లేకుండా పోదామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి). 3-9 స్కోప్, అంటే రింగు తిప్పితే మూడింతల నుంచి తొమ్మిదింతల దాకా పెద్దగా చూపించేది, దూరం బాగా కనిపిస్తుందని మురిసిపోయి బిగించుకున్నా. పోయినేడు కంకులు పాలు పట్టే టైములో మంచె మీద ఉన్నా, రాత్రి రెండు దాటింది, చేను గలగలమంది, టార్చి వేస్తే ఇరవై అడుగుల్లో పంది. స్కోప్‌లో చూస్తే మసక మసకగా నల్లటి వెంట్రుకలు, అడ్డంగా ఒక మక్క ఆకు, అంతే! తలో, డొక్కో, తోకో తెలీదు. పొద్దున గురి సరిచూసుకుంటూ 9 మీద పెట్టి మర్చిపోయా. రింగు తిప్పేలోపు అది రెండు సాళ్లు తొక్కి పోయింది. పక్కనున్న రైతు "గంత పెద్ద దుర్భిణి వెట్టుకొని గూడ కనవడకపాయెనా అన్నా" అన్నాడు. ఏం చెప్తాం.

ఆ వారమే స్కోప్ తీయించేశా. గొట్టం కొసనుండే గురి పూస మీద మా ఆవిడ తెల్ల నెయిల్ పాలిష్ ఒక చుక్క పెట్టా. టార్చి వెలుగులో అది మినుకుమంటుంది, రెండు కళ్లూ తెరిచే చూస్తాం కాబట్టి పంది వెనకాల ఏముందో కూడా తెలుస్తుంది. పైనుంచి తూటాలు నింపడానికి అడ్డం కూడా పోయింది, అది నేను అనుకోని లాభం.

బరువు తూటా కదా, కొమ్మల్ని చీల్చుకుని పోతుందని ఒకప్పుడు అందరికీ చెప్పింది నేనే. అది కాస్త ఎక్కువ చెప్పినట్టే. వేలి లావు టేకు మొక్కకు తగిలిన తూటా ఎటు పోయిందో తెల్లారి వెతికినా దొరకలేదు. అప్పట్నుంచి ఖాళీ సందు ఉండి, తూటా నేలలోకే దిగేట్టు ఉంటేనే ట్రిగ్గర్ మీద వేలు. ఇంకోటి, మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టె) తూటాల అడుగు అంచులు ఒకదానికొకటి చిక్కుకుంటే బోల్టు బిగుసుకుంటుంది, టెన్షన్‌లో హడావిడిగా నింపారో అయిపోయినట్టే.

నాకు యాభై నాలుగు, మోకాళ్ల నొప్పులు, మంచె దిగను, కాబట్టి ఇది చాలు. నడిచి వెళ్లే మా తమ్ముడు మాత్రం 12 బోర్ డబుల్ బ్యారెలే (రెండు గొట్టాల తుపాకీ) పట్టుకెళ్తాడు, రెండో దెబ్బకు బోల్టు లాగే పని లేదని. లంటానా ముళ్లపొదల గుబురులో వాడి మాటే కరెక్టేమో. స్కోప్ బీరువాలో ఉంది, చెరువు కట్ట మీద కొంగల్ని చూస్తానని మా మనవడు అడుగుతున్నాడు.