యూదుల చరిత్ర చదవడానికి ఏ విజ్ఞాన సర్వస్వం మేలు?

యూదుల చరిత్ర, సంస్కృతి మీద ఇంగ్లిషులో నెట్‌లో చదవగలిగే పెద్ద విజ్ఞాన సర్వస్వాల్లో మూడింటిని చెప్పుకోవాలి. జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా 1901-1906 మధ్య న్యూయార్క్‌లో 12 సంపుటాలుగా వచ్చింది. ఎన్‌సైక్లోపీడియా జుడాయికా 1971-72లో జెరూసలేంలో 16 సంపుటాలుగా వెలువడి, 2007 నాటి రెండో కూర్పుతో 22 సంపుటాలయింది. మూడోది న్యూయార్క్‌లోని యూదు పరిశోధనా సంస్థ యీవో వారి తూర్పు ఐరోపా యూదుల విజ్ఞాన సర్వస్వం. 2008లో రెండు సంపుటాలుగా అచ్చయింది, 2010 నుంచి నెట్‌లో ఉచితం.

పాతది గనుక మొదటిది పనికిరాదనుకుంటే పొరపాటు. తల్మూదు (యూదు ధర్మశాస్త్ర చర్చల సంకలనం), మిద్రాష్ (బైబిలు వ్యాఖ్యానాలు), మధ్యయుగపు రబ్బీలు (మత పండితులు), ప్రార్థనా విధానం, కబ్బాలా (యూదుల మార్మిక సంప్రదాయం) వంటి గ్రంథ సంబంధమైన విషయాల్లో దాని లోతు ఇప్పటికీ గొప్పదే. లూయిస్ గింజ్‌బర్గ్, కాఫ్మన్ కోలర్ వంటి పండితులు రాసిన వ్యాసాలవి. చిక్కంతా దాని కాలంతోనే. నగరాల యూదు జనాభా, పాఠశాలలు, సంఘాల గురించి అది వర్తమాన కాలంలో మాట్లాడుతుంది. ఆ ‘ఇప్పుడు’ అంటే 1900 ప్రాంతం. నాజీల నరమేధం, 1948లో ఇజ్రాయెల్ ఏర్పాటు, 1947లో మొదలైన మృతసముద్రపు చుట్టల (ప్రాచీన యూదు రాతప్రతుల) వెలికితీత, ఏవీ అందులో ఉండవు. కొచ్చిన్ యూదుల మీదా, కొంకణ తీరపు యూదులైన బెనె ఇజ్రాయెల్ మీదా వ్యాసాలున్నాయి గానీ, వారిలో ఎక్కువమంది తర్వాత ఇజ్రాయెల్‌కు వలస వెళ్లారన్న సంగతి అక్కడ దొరకదు. కైరో గెనీజా పత్రాలు (అక్కడి యూదు ప్రార్థనా మందిరంలో దాచిన పాత కాగితాలు) 1896-97లోనే కేంబ్రిడ్జి చేరినా, వాటిలోని హిందూ మహాసముద్ర వర్తకుల ఉత్తరాలను విడదీసి చదవడం దశాబ్దాల తర్వాతి పని. 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండి కంచు సామాను చేయించిన యూదు వర్తకుడు అబ్రహాం బెన్ యీజూ కథ కోసం కొత్త పుస్తకాల దగ్గరికే వెళ్లాలి.

విస్తృతిలో జుడాయికాకు సాటి లేదు. రెండో కూర్పులో 21,000కు పైగా వ్యాసాలున్నాయి. పూర్తి పాఠం చందా ఉన్న గ్రంథాలయాల్లో దొరుకుతుంది, చాలా వ్యాసాలు జ్యూయిష్ వర్చువల్ లైబ్రరీలో ఉచితంగా చదవొచ్చు. అక్కడ వ్యాసం చివర రచయిత పేరు పక్కన ‘2nd ed.’ (సెకండ్ ఎడిషన్) అన్న గుర్తు ఉందేమో తప్పకుండా చూడండి. ఉంటే కొత్తగా రాసిందో, సవరించిందో అని అర్థం. లేకపోతే మీరు చదువుతున్నది చాలావరకు 1971 నాటి పాఠమే. మాటల ముందు కనిపించే నక్షత్రం గుర్తు అచ్చు తప్పు కాదు, ఆ పేరుతో వేరే వ్యాసం ఉందని దాని అర్థం.

యీవోది పరిమిత క్షేత్రం, కానీ ఆ క్షేత్రంలో దాన్ని మించింది లేదు. పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్, రష్యా, రుమేనియా, హంగరీల యూదు జీవితం, అక్కడి యూదుల భాష యిడ్డిష్‌లోని సాహిత్యం, హసీదీ భక్తి ఉద్యమం గురించైతే ముందు ఇదే తెరవాలి. 1,800కు పైగా వ్యాసాలు, 450 మందికి పైగా రచయితలు. సోవియట్ పతనం తర్వాత తెరుచుకున్న దస్తావేజుల ఫలితం ఇందులో ఉంది. స్పెయిన్, బాగ్దాద్, యెమెన్, కొచ్చిన్ మాత్రం దీని పరిధిలోకి రావు.

వెతికేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది పేర్ల దగ్గర. ఇప్పటి లిథువేనియా రాజధాని ఒకే ఊరు, అది మొదటిదాంట్లో ‘విల్నా’ (డబ్ల్యూతో మొదలవుతుంది), జుడాయికాలో ‘విల్నా’ (వీతో), యీవోలో ‘విల్నియస్’. అలాగే లెంబెర్గ్, ల్వోవ్, ల్వీవ్ మూడూ ఉక్రెయిన్‌లోని ఒకటే నగరం. మధ్యయుగపు యూదు తత్వవేత్త మైమొనిడీస్ కోసం పాతదాంట్లో ‘మోసెస్ బెన్ మైమోన్’ అని చూడాలి. సుక్కోత్ పండుగ అక్కడ ‘టాబర్నకల్స్’ కింద ఉంటుంది. వెతికింది దొరక్కపోతే వ్యాసమే లేదనుకోకుండా ఆ ఊరి పేర్లన్నీ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. పాతదాని డిజిటల్ పాఠంలో హీబ్రూ అక్షరాలు, కింద చుక్క ఉన్న అక్షరాలు చెడిపోయి ఉండొచ్చు. ఉల్లేఖించే ముందు స్కాన్ చేసిన పుటతో సరిపోల్చుకోవాలి.

తెలుగులోకి అనువదించి ప్రచురించాలంటే లెక్క మారుతుంది. జుడాయికా, యీవోలకు కాపీరైటు ఉంది. చదివి సొంత మాటల్లో రాయవచ్చు, అనువదించాలంటే అనుమతి కావాలి. జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా అమెరికాలో ఎప్పుడో ప్రజల సొత్తయింది. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లు గడవాలి గనుక వ్యాసం అడుగున ఉన్న సంతకాన్ని బట్టి ఆయన మరణ సంవత్సరం చూసుకోవాలి. కోలర్ 1926లో, గింజ్‌బర్గ్ 1953లో చనిపోయారు, వారి వ్యాసాలకు ఇబ్బంది లేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉన్న, తాము ప్రాచీన ఇజ్రాయెలీయుల్లో ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకునే తెలుగు కుటుంబాల గురించి అయితే 1906 నాటి గ్రంథంలోనూ, యీవోలోనూ వెతకడం కాలహరణమే. ఆ బెనె ఎఫ్రాయిం సముదాయం కోసం ఊళ్లో ఉండి పరిశీలించిన మానవశాస్త్రవేత్తల అధ్యయనాలు చదవాలి.