అమెరికాలో ఒక ఎమర్జెన్సీ విభాగం: వైద్యానికి అయిదు నక్షత్రాలు, బిల్లుకు ఒకటి

గత వేసవిలో గుంటూరు నుంచి డాలస్ శివారులోని మా ఇంటికి వచ్చిన అమ్మకు ఒక రాత్రి భోజనమయ్యాక కుడి డొక్కలో మొదలైన నొప్పి, పదకొండు గంటలకల్లా భరించలేనంతగా పెరిగింది. "ఇక్కడ 108 ఉండదా?" అని అడిగింది. 911 ఉంది, అయినా నేను ఫోను ముట్టకుండా కారు తాళాలు అందుకున్నాను. ఊహించని వైద్య బిల్లుల నుంచి బీమా ఉన్నవారిని కాపాడటానికి 2022లో అమల్లోకి వచ్చిన చట్టం హెలికాప్టర్ అంబులెన్సును కలుపుకొని, రోడ్డు మీద నడిచే అంబులెన్సును మాత్రం వదిలేసింది. మన దగ్గర 2005 నుంచి ఉచితంగా ఇంటి ముందుకు వస్తున్న వాహనాన్ని ఇంత సంపన్న దేశంలో పిలవడానికి జంకవలసి వచ్చింది.

ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇది ఆ ఒక్కచోటి సంగతి కాదు. లోపలి సేవకు వంక పెట్టలేను. ఎమర్జెన్సీకి వచ్చినవారిని డబ్బుతో ముడిపెట్టకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలని 1986 నాటి చట్టం చెబుతోంది, అక్కడ అలాగే జరిగింది. ఇంగ్లీషు రాని అమ్మకు తెరమీద తెలుగు దుబాసీని చూపించి, ప్రతి ప్రశ్నా ఆమెనే అడిగారు. అల్ట్రాసౌండులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. నొప్పి తగ్గించి, శస్త్రచికిత్సకు తొందర లేదని చెప్పి తెల్లవారేసరికి పంపించారు. ఎంత అవుతుందని నేను రెండుసార్లు అడిగినా, మర్యాదగా మాట్లాడిన ఆ సిబ్బందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఆ జవాబు కొన్ని వారాల తరువాత కవర్లలో వచ్చింది. ఆసుపత్రిది ఒకటి, డాక్టరుది వేరొకటి, స్కాను చదివినవారిది మరొకటి. అమ్మకు నేను తీసుకున్న విజిటర్ బీమా ఒక్కో సేవకు ఇంతేనని ముందే హద్దు గీసిన రకం కావడంతో, అది చెల్లించినది పోగా మిగిలిన భారం మాపైనే పడింది. ప్రీమియం తక్కువని దాన్ని ఎంచుకున్న తప్పు నాది. తల్లిదండ్రులను పిలిపించుకునేవారు డిడక్టిబుల్ (బీమా కంటే ముందు మనమే కట్టుకోవలసిన మొత్తం) పోగా మొత్తం ఖర్చులో శాతం చొప్పున చెల్లించే కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకోవాలి. పాత జబ్బుల గురించి రాసిన పేజీని ముందుగా చదవాలి. బిల్లు వచ్చిన వెంటనే కట్టకుండా, పద్దులవారీ బిల్లు అడగాలి. లాభాపేక్షలేని ఆసుపత్రులకు ఆర్థిక సహాయ విధానం ఉండాలని చట్టమే చెబుతోంది కాబట్టి, దాని దరఖాస్తు అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

మేము జీతాలున్నవాళ్లం కాబట్టి వాయిదాల్లో కట్టగలిగాము. 2023లో స్థూల దేశీయోత్పత్తిలో (జీడీపీ) 17.6 శాతాన్ని ఆరోగ్యం మీద ఖర్చుచేసిన ఈ దేశంలో, అదే ఏడాది దాదాపు 2.6 కోట్ల మందికి ఏ బీమా లేదు. అంత నొప్పిలోనూ తెల్లవారేదాకా ఓర్చుకుందామని ఇంట్లోనే ఉండిపోయేవారు ఎందుకుంటారో ఆ కవర్లు విప్పాకే నాకు అర్థమైంది.

అమ్మ శస్త్రచికిత్స గుంటూరులోనే చేయించుకుంది. చేర్చుకునే ముందే ప్యాకేజీ ఎంతో కాగితం మీద రాసి తమ్ముడి చేతికిచ్చారు.