పది బై పదకొండు గదిలో చిన్న స్పీకర్ల జత: ఏడాది వాడాక

నల్గొండ రామగిరిలో మా ఇంటి పైన ఒక గది ఉంది. వెడల్పు 10 అడుగులు, పొడవు 11, స్లాబు ఎత్తు కూడా 10. కింద టైల్స్, ఒక మూలన ఇనుప బీరువా, మంచం, కుర్చీ, అంతే సామాను. చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొడతాయి. ఈ గదిలో పాటలు వినడానికి ఎలాక్ డెబ్యూ 2.0 బి5.2 అనే జత సెకండ్ హ్యాండ్‌లో 17,000 పెట్టి తెచ్చుకున్నా. హైదరాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చా, ఒక్కోటి ఐదు కిలోల పైనే ఉంటుంది, చౌటుప్పల్ దాటేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

స్పీకర్ మంచిదే, ముందే చెప్పేస్తున్నా. కానీ మొదటి నెల నేను పడ్డ తిప్పల్లో స్పీకర్ తప్పు ఒక్కటి కూడా లేదు, అన్నీ నావి, నా గదివి, ఇంకా ఒక అడాప్టర్‌ది.

పేరుకు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంటారు గానీ మన ఇళ్లల్లో గోడ అరల్లో ఇవి పట్టవు. ఎత్తు 13 అంగుళాల పైన, లోతు 9 పైన. పట్టినా అరలో పెట్టొద్దు, అర మొత్తం డబ్బాలా మోగుతుంది. నేను మొదట బీరువా మీద పెట్టా. దరువు పడ్డప్పుడల్లా బీరువా తలుపు గజగజమంది. అమ్మ కింద నుంచి వచ్చి "ఏం కొడుతున్నవ్‌రా పైన, సున్నం రాలుతుంది" అని అడిగింది.

తర్వాత స్టాండ్ల మీదికి వచ్చా. ఆన్‌లైన్లో స్టాండ్ల ధర చూస్తే స్పీకర్ ధరలో సగం ఉంది. హైదరాబాద్ రోడ్డులో వెల్డింగ్ షాపాయన దగ్గరికి పోయి 26 అంగుళాల ఎత్తుతో రెండు చేయించుకున్నా. పైపులో ఇసుక పోశా, అడుగున గ్రానైట్ షాపులో కోసి పక్కన పడేసిన ముక్కలు పెట్టా, వాటికి ఆయన పైసలు కూడా తీసుకోలేదు. ఆ 26 ఎందుకంటే, కుర్చీలో కూర్చుంటే నా చెవి నేల నుంచి 37 అంగుళాల ఎత్తులో ఉంది, ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న భాగం) దాదాపు ఆ ఎత్తుకు రావాలి. మీరు నేల మీద చాప వేసుకొని వినేవాళ్లయితే ఈ కొలత మీకు పనికిరాదు, మీ చెవి కొలుచుకోండి.

ఇప్పుడు బాస్, అంటే కింది స్వరాల సంగతి. చిన్న గదుల్లో అసలు పేచీ ఇక్కడే. ధ్వని సెకనుకు దాదాపు 1125 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అది అటూ ఇటూ తిరుగుతూ ఒక స్వరం దగ్గర మోత పెంచుతుంది, 1125ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే అదెక్కడో తెలుస్తుంది. 10 అడుగులకు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనలు), 11 అడుగులకు 51. మా గదిలో వెడల్పూ 10, ఎత్తూ 10, అంటే రెండు మోతలు ఒకే చోట, మూడోది దాని పక్కనే. అందుకే ఒగ్గు కథ రికార్డింగ్ పెడితే డోలు దరువులో ఒక దెబ్బ ఇల్లు కూలినట్టు, పక్క దెబ్బ ఏదో దూరంగా ఊరవతల కొట్టినట్టు వినిపించింది. డోలు వాయించినాయన అలా వాయించి ఉండడు కదా.

ఇలాంటి గదికి పెద్ద వూఫర్ (బాస్ పలికే పెద్ద కోను) తెస్తే ఆ మోత ఇంకా పెరుగుతుంది. ఈ జతలో వూఫర్ 5.25 అంగుళాలు, కింద 46 హెర్ట్జ్ దాకా వస్తుందని కంపెనీ లెక్క. నా గదికి అదే ఎక్కువ. 8 అంగుళాల వూఫర్, పైన సబ్ వూఫర్ అని అడిగే మిత్రులకు నేను చెప్పేది ఒకటే, ముందు టేపు తెచ్చి గది కొలవండి.

గాలి పోర్టు, అంటే డబ్బాలోంచి గాలి బయటికి వచ్చే రంధ్రం, ఎటుందో కూడా చూసుకోవాలి. దీనికి ముందు వైపు సన్నని చీలికలా ఉంటుంది, అందుకే గోడకు కొంచెం దగ్గరగా పెట్టినా ఓర్చుకుంటుంది. దీనికంటే ముందు ఒక స్నేహితుడి దగ్గర వెనక రంధ్రం ఉన్న జత తెచ్చి వారం విన్నా, గోడకు జానెడు దూరంలో పెడితే మగ గొంతులన్నీ కుండలోంచి వచ్చినట్టున్నాయి. రంధ్రంలో పాత సాక్సు కుక్కితే చాలావరకు తగ్గింది, నవ్వకండి, నిజంగానే పని చేస్తుంది. క్యూ అకౌస్టిక్స్ 3020ఐ లాంటి వాటికి ఆ పని కోసమే ఫోమ్ ముక్కలు డబ్బాలో వస్తాయి. ముందు పోర్టు ఉన్నా గోడ, మూల కలిసి బాస్ పెంచడం మాత్రం ఆగదు. నావి ఇప్పుడు వెనక గోడ నుంచి అడుగున్నర, రెండింటి మధ్య ఐదు అడుగులు, కుర్చీ ఆరు అడుగుల దూరంలో. కుర్చీని గది సరిగ్గా నడిమధ్యన వేస్తే ఆ 51 హెర్ట్జ్ దగ్గరి బాస్ మాయం, మంచం మీద గోడకు ఆనుకుంటే అదే బాస్ గుండెల మీదికి వస్తుంది. అంగుళం అంగుళం జరుపుకుంటూ ఒక ఆదివారం మొత్తం ఖర్చు పెట్టా.

యాంప్ (పాటకు బలమిచ్చి స్పీకర్లను మోగించే డబ్బా) దగ్గర మోసపోయా. పేరు చెప్పను గానీ ఒక ఆన్‌లైన్ అమ్మకందారు "100 ప్లస్ 100 వాట్స్" అని రాసి చేతిలో పట్టేంత డబ్బా పంపాడు, లోపల టీపీఏ3116 చిప్పు. చిప్పు మంచిదే. కానీ దాంతో ఇచ్చిన అడాప్టర్ 12 వోల్టులది. ఆ చిప్పు 24 వోల్టులు కూడా తీసుకుంటుంది, వోల్టేజ్ సగమైతే వచ్చే పవర్ నాలుగో వంతు. 12 వోల్టులతో 6 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు కొలత) స్పీకర్‌కు చానెల్‌కి 12 వాట్లు వస్తే గొప్ప. కాస్త పెంచగానే పాట చిరిగిపోయేది, నేనేమో స్పీకర్ పాడైందని టెన్షన్ పడ్డా. 24 వోల్టుల మంచి అడాప్టర్ విడిగా కొన్నాక సద్దుమణిగింది.

అసలు ఎన్ని వాట్లు కావాలి? ఈ స్పీకర్ సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, అంటే ఒక వాటు, వాటున్నర ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం. పది రెట్లు పవర్ ఇస్తే ఇంకో 10 పెరుగుతుంది. నేను కూర్చునే చోట దూరానికి కొంత తగ్గి, రెండు స్పీకర్లు కలిసి కొంత పెరిగి, 90 దాటుతుంది. ఈ గదిలో అంత శబ్దం ఎక్కువసేపు విననే వినలేం. అందుకని డబ్బా మీద వెయ్యి వాట్లు పీఎంపీఓ (క్షణకాలపు పవర్‌ని ఉబ్బించి చెప్పే లెక్క) అని రాసి ఉన్నవాటిని చూసి మురిసిపోకండి. నిజమైన 30 వాట్లు, 6 ఓమ్‌లు మోయగలిగే యాంప్, నా గదికి అది కూడా మిగులే.

వైరు గురించి పెద్ద కథ లేదు. ప్రకాశం బజార్‌లో కరెంటు సామాన్ల షాపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తీసుకున్నా. కానీ రెండు తీగలూ ఒకే రంగువి తెచ్చా, అది నా తెలివి. బిగించాక బాస్ లేదు, పాడే మనిషి గొంతు మధ్యలో లేదు, గది అంతా ఎక్కడెక్కడో ఉంది. మూడు రోజులు యాంప్‌ని తిట్టుకున్నా.

మా బావమరిది కనగల్ వైపు పెళ్లిళ్లకు డీజే పెడతాడు. ఇంటికొచ్చి చూసి, "గింత డబ్బాలకు పదిహేడు వేలా బావా? గా పైసలకు పదిహేను ఇంచుల బాక్సు వస్తుండె" అన్నాడు. సరే విను అని పెట్టా. అర నిమిషం కాలేదు, "ఆపు, ఒకదానికి ఫేసు ఉల్టా ఉంది" అన్నాడు, అంటే ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయని. గడియారంలోంచి సెల్లు తీసి, యాంప్ దగ్గర వైర్లు ఊడదీసి, వాటి కొసలకు తాకించి చూపించాడు. ప్లస్ ప్లస్‌కి తగిలితే వూఫర్ ముందుకు వస్తుంది, ఉల్టా అయితే లోపలికి పోతుంది. కుడిది లోపలికి పోయింది. మార్చి మళ్లీ పెట్టాం, పాడే మనిషి వచ్చి రెండు స్పీకర్ల మధ్య కూర్చున్నాడు. "మోత లేదు గానీ మాట మంచిగ వినబడుతుంది" అని ఒప్పుకొని, డోలు రికార్డింగ్ రెండోసారి పెట్టించుకున్నాడు.

స్పీకర్ గుణం చెప్పాలంటే, గొంతులు దీని బలం. పాత రికార్డుల్లో వేణువు, వీణ చెవిని గుచ్చవు. ఆండ్రూ జోన్స్ అనే ఇంజినీరు చేసిన డిజైన్ ఇది, పైన మెత్తటి బట్ట డోమ్ ట్వీటర్. చాలా మెల్లగా వింటే మాత్రం కాస్త మందంగా ఉంటుంది, రాత్రి పదకొండు తర్వాత వాల్యూమ్ తగ్గిస్తే ప్రాణం పోయినట్టు అనిపిస్తుంది. యాంప్ ఎంచుకోవడం, వైర్లు ఇవన్నీ మా వల్ల కాదనుకుంటే ఎడిఫైయర్ ఆర్1280డీబీ లాంటివి చూడండి, యాంప్ లోపలే ఉంటుంది, బ్లూటూత్ ఉంది, వూఫర్ 4 అంగుళాలే కాబట్టి చిన్న గదిలో పేచీ కూడా తక్కువ.

గోడల గోల ఇంకా మిగిలింది. ఫోమ్ పలకలు కొనలేదు. అమ్మ కుట్టిన పాత చీరల బొంతలు రెండు స్పీకర్లకు అటూ ఇటూ గోడలకు వేలాడదీశా, టైల్స్ మీద జంపఖానా పరిచా. పైస్వరాల గరగర తగ్గింది, బాస్ మోతకు మాత్రం బొంత సరిపోదు, దానికి కుర్చీ జరపడమే మందు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ 5 మీద పెడితే ఈ కష్టమంతా ఎవరి కోసమో అనిపిస్తుంది, చిన్న శబ్దాలన్నీ ఫ్యాన్ మింగేస్తుంది. మొన్న బతుకమ్మకు ఇల్లు దులిపి అమ్మ బొంతలు మడిచి బీరువాలో పెట్టింది. సాయంత్రం పాట పెట్టగానే తెలిసిపోయింది.