ఒకే 24.3, నలుగురు మనుషులు: ఆరేళ్లు ఆల్‌టైమ్ డ్రాఫ్ట్ ఆడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తా, ఇది ఏదో ఒక యాప్ మీద సమీక్ష కాదు, ఒక ఆట పద్ధతి మీద. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇప్పటిదాకా ఆడిన వాళ్లందరినీ, బిల్ రసెల్ దగ్గర్నుంచి నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాళ్ల దాకా, ఒకే కుప్పలో పోసి వంతులవారీగా ఏరుకుని జట్లు కట్టుకునే ఆల్‌టైమ్ ఫాంటసీ డ్రాఫ్ట్ ఇది. మేం ఎనిమిది మందిమి, తలా పది పిక్‌లు, స్నేక్ పద్ధతి, అంటే మొదటి రౌండ్‌లో చివర తీసుకున్నవాడికి రెండో రౌండ్‌లో ముందు వంతు. ఏడాదికి రెండుసార్లు చొప్పున ఆరేళ్లుగా ఆడుతున్నాం. ఎవరి ఆటగాళ్ల అసలు అంకెలు మెరుగైతే వాళ్లదే గెలుపు. లెక్క మామూలు తొమ్మిది విభాగాల్లోనే: పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని పట్టడం), అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కి అందించిన పాస్), స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ని అడ్డుకోవడం), త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), ఫీల్డ్ గోల్ శాతం (వేసిన షాట్లలో పడినవి), ఫ్రీ త్రో శాతం (ఫౌల్‌కి ఇచ్చే ఉచిత షాట్లలో పడినవి), టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం, ఇవి తక్కువుంటేనే మేలు). డబ్బు పెట్టం. పరువు పెడతాం, అది ఇంకా ప్రమాదం.

5కి 3.5 ఇస్తా. పాతవాళ్లతో మాత్రమే ఆడితే 4.5 ఇచ్చేవాణ్ని. ఆ మార్కు ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇంత రాస్తున్నా.

మొదటి ఏడాది, 2020లో, మేం పెట్టుకున్న రూల్ చాలా సింపుల్‌గా ఉండేది: ఆటగాడి కెరీర్ సగటే లెక్క. అప్పటికి లూకా డాంచిచ్ రెండే రెండు సీజన్లు ఆడాడు, సగటు 24.7 పాయింట్ల దగ్గర ఉంది. లారీ బర్డ్ కెరీర్ సగటు 24.3. నేను రెండో రౌండ్‌లో బర్డ్‌ని పక్కన పెట్టి లూకాని తీసుకున్నా, పైగా ఏదో కనిపెట్టినవాడిలా మురిసిపోయా. అందరూ తిట్టారు, మేం అంకెలు వేసుకునే షీట్ మాత్రం నన్నే సమర్థించింది. తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే అర్థమైంది మోసం ఎక్కడుందో. బర్డ్ 24.3లో 13 సీజన్లున్నాయి, మడమ ఆపరేషన్ వల్ల ఆరు మ్యాచ్‌లే ఆడిన 1988-89 ఉంది, నడుం నొప్పితో ఈడ్చుకొచ్చిన చివరి ఏళ్లున్నాయి. లూకా 24.7లో ముసలితనం అనేదే ఇంకా రాలేదు. మైకేల్ జోర్డాన్‌నే చూడండి, బుల్స్ జట్టులో సగటు 31.5, విజర్డ్స్‌లో ఆడిన రెండేళ్లు 21.2, రెండూ కలిపితే 30.1. మనిషి నలభై ఏళ్లకి కూడా ఆట వదల్లేకపోయినందుకు మా షీట్ ఆయనకి జరిమానా వేసింది. కెరీర్ సగటు కుర్రాళ్లకి లడ్డూ లాంటిది. పోనీ సగటు కాదు మొత్తం లెక్కిద్దామంటే కుర్రాడు పూర్తిగా మాయమైపోతాడు, లెబ్రాన్ జేమ్స్ 40,000 పాయింట్లు దాటేశాడు, కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 దగ్గర ఆగాడు, అక్కడ రెండేళ్ల వాడికి ఏం మిగులుతుంది?

రెండో ఏడాది నుంచి ఒక్క సీజన్ రూల్‌కి మారాం. ఆటగాడి పేరుతోపాటు సంవత్సరం కూడా చెప్పాలి, ఆ సీజన్ అంకెలే నీ జట్టుకి వస్తాయి. ఆడటానికి బాగుంటుంది, వాదించుకోవడానికి ఇంకా బాగుంటుంది. జోర్డాన్ అంటే చాలదు, మ్యాచ్‌కి 37.1 పాయింట్లు కొట్టిన 1986-87 కావాలా, 35.0 పాయింట్లతోపాటు 3.2 స్టీల్స్, 1.6 బ్లాకులు పెట్టి ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), ఉత్తమ డిఫెండర్ అవార్డులు రెండూ పట్టుకెళ్లిన 1987-88 కావాలా తేల్చుకోవాలి. నేనెప్పుడూ రెండోదే. తొమ్మిది విభాగాల ఆటలో అంతకంటే నిండైన గార్డ్ (బంతి నడిపే బయటి ఆటగాడు) సీజన్ నాకు కనబడలేదు.

కానీ ఈ రూల్‌తోనే అసలు తలనొప్పులు మొదలయ్యాయి. ఎన్‌బీఏలో స్టీల్స్, బ్లాకులు అధికారికంగా రాయడం మొదలైంది 1973-74లో. త్రీ పాయింట్ గీత వచ్చింది 1979-80లో. మా షీట్‌లో ఖాళీ గడి అంటే సున్నా. ఫలితంగా 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన రసెల్, షాట్ బ్లాకింగ్ అంటేనే గుర్తొచ్చే రసెల్, మా దగ్గర సున్నా బ్లాకుల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు). తొమ్మిదో రౌండ్‌లో పోయాడు, అది కూడా ఒకాయన జాలిపడి తీసుకున్నాడు. విల్ట్ చాంబర్లెయిన్ మాత్రం ఆ సున్నాలతో కూడా మొదటి పిక్ అయ్యేవాడు, ఎందుకంటే 1961-62లో మ్యాచ్‌కి 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. మ్యాచ్ 48 నిమిషాలైతే ఆయన సగటు 48.5 నిమిషాలు, ఓవర్‌టైమ్‌లు కలుపుకుని.

ఆ 25.7 మీద మేం మూడు వారాలు కొట్టుకున్నాం. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి సుమారు 70 రీబౌండ్లు పట్టేది. ఆట పరుగులు అలా ఉండేవి, పైగా షాట్లు చాలా తప్పేవి, తప్పిన ప్రతి బంతీ ఎవరి చేతిలోనో పడాలి కదా. 2024-25లో జట్టు సగటు 44 దగ్గర. ఆ నిష్పత్తిలో కుదిస్తే విల్ట్ 25.7 కాస్తా 16 దగ్గరికి దిగింది, అయినా గొప్పే. ఆస్కార్ రాబర్ట్‌సన్‌కి మాత్రం దెబ్బ పడింది. 1961-62లో ఆయన ట్రిపుల్ డబుల్ సగటు, అంటే మూడు విభాగాల్లోనూ రెండంకెలు, 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు, అరవై ఏళ్లుగా అందరూ దణ్ణం పెట్టే అంకె అది. కుదించాక రీబౌండ్లు 8 దగ్గర ఆగాయి. అదే పని నికోలా యోకిచ్ 2024-25లో చేశాడు, 29.6, 12.7, 10.2, అదీ ఇప్పటి కరువు రోజుల్లో. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఈ ఒక్క లెక్క చేసిన రోజు నాకు ఆ సామెత కళ్లముందు కనబడింది. యోకిచ్ కుర్రాడు కాదనుకోండి, కానీ ఇవాళ్టి ఆటగాణ్ని పాతవాళ్ల పక్కన పెట్టడానికి మేం సిగ్గుపడటం మానేసింది అప్పుడే.

రెండో వైపు కూడా చెప్పాలి. బర్డ్ 1985-86లో 82 త్రీలు, 1986-87లో 90 త్రీలు వేసి లీగ్‌లో మొదటివాడు. 2024-25లో ఆంథొనీ ఎడ్వర్డ్స్ 320 వేసి మొదటివాడు. మా షీట్‌లో బర్డ్ త్రీల విభాగంలో ఇప్పటి బెంచి ఆటగాళ్లతో కూడా ఓడిపోయేవాడు. దీనికి మేం కనిపెట్టిన మందు ఏంటంటే, ఎవరి అంకెనైనా ఆ సీజన్ లీగ్‌తోనే పోల్చి మార్కులివ్వడం. బర్డ్ మళ్లీ లేచి కూర్చున్నాడు. కానీ ఈ మందుకి సైడ్ ఎఫెక్ట్ ఉంది, 1961-62లో ఉన్నవి తొమ్మిదే జట్లు, ఇప్పుడు 30, ప్రపంచం నలుమూలల నుంచి ఆటగాళ్లు వస్తున్నారు, ఇంతమందిలో మొదటివాడిగా నిలబడటం వేరే కథ. దానికి ఫార్ములా రాయడానికి మాలో ఒకాయన ఓ రాత్రంతా కూర్చున్నాడు, తెల్లారేసరికి ఆయన ఫేవరెట్ ఆటగాడే మొదటి స్థానంలో తేలాడు. నవ్వుకుని వదిలేశాం. ఇక చేతితో అడ్డుకోవడం మీద 2004-05 నుంచి వచ్చిన కట్టడి, 2001-02లో జోన్ డిఫెన్స్‌కి (మనిషిని కాక చోటుని కాపాడే పద్ధతి) ఇచ్చిన అనుమతి, ఇవన్నీ షీట్‌లోకి ఎక్కేవి కావు. ఎక్కించబోయిన ప్రతిసారీ డ్రాఫ్ట్ ఆగిపోయింది.

ఇప్పుడు వెంబన్యామా, ఇవాళ్టి కుర్ర సెంటర్. నిజానికి ఈ సమీక్షలో సగం ఆయన గురించే రాయొచ్చు.

2024-25లో విక్టర్ వెంబన్యామా సగటు 24.3 పాయింట్లు. అవును, బర్డ్ కెరీర్ అంకే. ఇంకా విచిత్రం వినండి, హకీమ్ ఒలాజువాన్ 1989-90 సగటు 24.3. అదే ఏడాది, వెంబన్యామా జట్టు శాన్ ఆంటోనియోలోనే రూకీగా, అంటే మొదటి సీజన్ ఆటగాడిగా, దిగిన డేవిడ్ రాబిన్సన్ సగటు కూడా 24.3. డ్రాఫ్ట్ రోజు షీట్‌లో పాయింట్ల వరసలో ఈ నలుగురూ ఒకే అంకెతో ఒకళ్ల కింద ఒకళ్లు కూర్చుంటే ఎవరో ఫార్ములా పాడు చేశారనుకున్నాం. పక్క గడుల్లోకి వెళ్తే కథ విడిపోతుంది. ఒలాజువాన్‌కి 14.0 రీబౌండ్లు, 4.6 బ్లాకులు, 2.1 స్టీల్స్. రాబిన్సన్‌కి 12.0 రీబౌండ్లు, 3.9 బ్లాకులు. వెంబన్యామాకి 11.0 రీబౌండ్లు, 3.8 బ్లాకులు, దాని పైన మ్యాచ్‌కి 3.1 త్రీలు. ఆ చివరి అంకె దగ్గరే మనసు జారిపోతుంది. ఒకే మనిషి బ్లాకుల విభాగం, త్రీల విభాగం రెండూ లాక్కొచ్చే సెంటర్ మీకు పాత రోజుల్లో దొరకడు, ఒలాజువాన్ ఆ ఏడాది వేసిన త్రీలు దాదాపు సున్నా. ఫ్రీ త్రోలు కూడా 80 శాతం పైన వేస్తాడు, అదే విల్ట్‌ని తీసుకుంటే కెరీర్ మొత్తమ్మీద 51.1 శాతం, ఆ విభాగాన్ని రాసిచ్చేసుకోవాల్సిందే.

కాబట్టి గీత గీసి చూస్తే, మ్యాచ్ సగటు ప్రకారం, వెంబన్యామా 2024-25 మొదటి రౌండ్ పిక్. నేనూ అలాగే నాలుగో పిక్‌లో తీసుకున్నా. గెలిచా కూడా. కానీ గెలిచిన సరదా లేదు, ఎందుకంటే ఆ సీజన్‌లో ఆయన ఆడింది 46 మ్యాచ్‌లు. కుడి భుజంలో రక్తం గడ్డకట్టిందని తెలిసి ఫిబ్రవరి 2025లో సీజన్ ఆపేశారు. ఒలాజువాన్ ఆ ఏడాది 82కి 82 ఆడాడు. బ్లాకులు మొత్తం లెక్కిస్తే 376కి 176. నిజమైన ఫాంటసీ లీగ్‌లో ఫిబ్రవరి తర్వాత ఆ సెంటర్ స్థానం ఖాళీగా పెట్టుకుని ఏడ్చేవాళ్లం కదా, ఇక్కడ మాత్రం సగటు వెనక దాక్కుని గెలిచేశాం. ఇప్పుడు మొత్తం అంకెలే లెక్క అని రూల్ మార్చాం. ఓటింగ్‌లో నేనే నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తా.

అన్నిటికంటే చెత్త ప్రయోగం ఇంకోటుంది, అది నా ఐడియానే. 2021లో 'రాబోయే సీజన్' పిక్ అని పెట్టాం. కుర్రాణ్ని తీసుకుంటే ఇప్పటి అంకెలు కాదు, ముందు ముందు అతను ఆడబోయే అత్యుత్తమ సీజన్ నీకు చెందుతుంది, ఏటా అప్‌డేట్ అవుతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం, అచ్చంగా అదే. నేను జయాన్ విలియమ్‌సన్‌ని మూడో రౌండ్‌లో తీసుకున్నా, చార్లెస్ బార్క్లీ ఇంకా బల్ల మీద ఉండగా. అప్పటికి జయాన్ 2020-21లో 27.0 పాయింట్లు కొట్టాడు, అదీ 61.1 శాతం షూటింగ్‌తో, ఇరవై ఏళ్ల వయసులో. ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి? తర్వాతి సీజన్ మొత్తం గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మాలో ఎప్పుడూ మాట్లాడనివాడు ఒకడున్నాడు, వాడు ఎనిమిదో రౌండ్‌లో గాయంతో 35 మ్యాచ్‌లే ఆడిన షే గిల్జస్-అలెగ్జాండర్‌ని తీసుకుని మైక్ మ్యూట్ చేసుకున్నాడు. ఆ ఎనిమిదో రౌండ్ పిక్ 2024-25లో 32.7 పాయింట్లు, ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ, టైటిల్ అయ్యి కూర్చుంది. వాడు ఇప్పటికీ ఆ విషయం ఎత్తడు, అదే ఎక్కువ కాలుతోంది నాకు. ఈ పద్ధతిలో మనం కొనేది ఆటగాణ్ని కాదు, వాడి మీద మనకున్న ఊహని. రెండేళ్లకి ఆపేశాం.

ఇన్ని చెత్తబుట్టలో వేశాక మిగిలినది, నేను అందరికీ చెప్పేది, 'మొదటి రెండు సీజన్లు' రూల్. ఎవరినైనా తీసుకో, కానీ వాడి మొదటి రెండు సీజన్లలో మెరుగైన ఒక్కటే లెక్క. కుర్రాళ్లు, దిగ్గజాలు ఒకే గీత మీద నిలబడే చోటు ఇదొక్కటే. జోర్డాన్‌కి రూకీ ఏడాదే వస్తుంది, 28.2 పాయింట్లు, 82 మ్యాచ్‌లు, ఎందుకంటే రెండో ఏడాది పాదం విరిగి 18 మ్యాచ్‌లే ఆడాడు. లెబ్రాన్‌కి 2004-05, ఇరవై ఏళ్లకి 27.2 పాయింట్లు, 7.4 రీబౌండ్లు, 7.2 అసిస్టులు. లూకాకి 2019-20, అదే వయసులో 28.8, 9.4, 8.8. మేం లూకా, లెబ్రాన్‌ల దగ్గర ఆగి గంటసేపు కొట్టుకున్నాం, లూకా అంకెలు పెద్దవి, లెబ్రాన్ 80 మ్యాచ్‌లు ఆడాడు, మ్యాచ్‌కి రెండుకి పైగా స్టీల్స్ ఉన్నాయి. ఆరేళ్లలో ఇంత మంచి గొడవ పడలేదు మేం.

ఇందులోనూ కంత ఉంది. పాతవాళ్లు కాలేజీలో మూడు నాలుగేళ్లు ఆడి వచ్చారు. కరీమ్ రెండో సీజన్ 1970-71లో 31.7 పాయింట్లు, ఎంవీపీ, టైటిల్, కానీ అప్పటికే 23 ఏళ్లు. రాబిన్సన్ నేవీలో పనిచేసి 24 ఏళ్లకి వచ్చాడు. వెంబన్యామా రెండో సీజన్ ముగిసేసరికి 21. పోనీ వయసుతో కట్టేద్దామా అంటే, 21 ఏళ్ల దగ్గర గీత గీస్తే రాబిన్సన్, బర్డ్, కరీమ్ అసలు డ్రాఫ్ట్‌లోనే ఉండరు. ఒకసారి అలా ఆడాం, పాఠశాల వార్షికోత్సవంలా ఉంది. అందుకే ఈ కంతతోనే ఆడుతున్నాం. ఎలాగూ విల్ట్ రూకీ ఏడాదిలోనే 37.6 పాయింట్లు, 27.0 రీబౌండ్లు పెట్టాడు, ఏ రూల్ పెట్టినా మొదటి పిక్ సమస్య తీరదు.

మీరు కొత్తగా మొదలెడుతుంటే నాదొకటే మాట, రూల్ తేల్చకుండా పేర్లు పిలవకండి. మేం చేసిన తప్పదే, పేర్లు పిలిచాక రూల్ మార్చడానికి ఎవడూ ఒప్పుకోడు, ఎవడి ఆటగాడు వాడికి ముద్దు. మొత్తం అంకెలు పెట్టండి, రీబౌండ్లు కుదించండి, ఖాళీ గడిని సున్నా అనకండి. మేం ఇప్పుడు 1973-74కి ముందు ఆడినవాళ్లకి బ్లాకులు, స్టీల్స్ వదిలేసి మిగతా విభాగాల సగటే వేస్తున్నాం, రసెల్ నాలుగో రౌండ్‌కి ఎక్కాడు.

వచ్చే డ్రాఫ్ట్‌లో ఒక్క సీజన్ రూలే, నాకు ఆరో పిక్ పడింది. ఒలాజువాన్ ఉంటే ఒలాజువాన్‌నే తీసుకుంటా. ఆయన అప్పటికే పోయి వెంబన్యామా ఎదురుగా ఉంటే ఏం చేస్తానో నాకు తెలుసు, కానీ మా వాళ్లు కూడా ఇది చదువుతారు.