బెర్లిన్‌లో ఒక్క పేటే చూడాలంటే ఏది మేలు? స్టాలిన్ వీధా, హన్సా పేటా, బ్రిట్జ్ కాలనీనా?

జర్మనీలో ఎమ్మెస్ చదివే పిల్లలు, మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగాలు చేసే పాత రూమ్మేట్లు, వాళ్ళను చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు... బెర్లిన్ వచ్చినవాళ్ళందరూ రెండో రోజు అడిగేది ఒకటే. "గేటు చూశాం, గోడ చూశాం, పార్లమెంటు మీది గాజు గుమ్మటం కూడా ఎక్కేశాం. మామూలు జనం కాపురాలుండే పేట ఏదైనా చెప్పు, కాస్త చరిత్ర ఉన్నది." ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే నా లెక్కంతా ఒకేచోట రాసేస్తున్నాను.

నేను పోటీలో పెట్టేవి మూడు: తూర్పున కార్ల్ మార్క్స్ అల్లే (అదే ఒకప్పటి స్టాలిన్ వీధి), పడమట హన్సాఫియెర్టెల్ (హన్సా పేట), దక్షిణాన బ్రిట్జ్‌లో గుర్రపు లాడం ఆకారంలో కట్టిన కాలనీ. మూడింటికీ యు-బాన్ (మెట్రో) ఉంది, లైన్లు వరుసగా యు5, యు9, యు7. డొయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళలో, బస్సుల్లో చెల్లే నెల పాసు) చేతిలో ఉంటే అదనంగా పైసా అక్కర్లేదు. కాబట్టి దూరం, ఖర్చు గొడవ పక్కన పెట్టేయొచ్చు.

మరి ప్రెంజ్లావర్ బెర్గ్ ఏదీ అంటారు. గైడ్లందరూ పంపేది అక్కడికే కదా. 1877 నాటి నీళ్ళ టవరు, 1904లో కట్టిన రికె వీధి యూదు ప్రార్థనా మందిరం, చిత్రకారిణి కేథె కోల్‌విట్జ్ దశాబ్దాల పాటు కాపురమున్న వీధి, అన్నీ నిజమే. వెళ్తే వెళ్ళండి, కాఫీ బాగుంటుంది, బిల్లు కూడా గట్టిగానే ఉంటుంది. అయితే అక్కడ ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి: తలుపు తెరిచి ఉన్న ఏదైనా పాత భవనంలో వీధివైపు వాటా దాటి లోపలి పెరడులోకి తొంగిచూడండి. 1853 నాటి కట్టడాల నిబంధన ప్రకారం ఆ పెరడు 5.34 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటే చాలు. మంటలార్పే బండి తిరగడానికి ఆ మాత్రం చోటు కావాలని లెక్కగట్టారు. మనుషులకు గాలీ వెలుతురూ ఎంత కావాలన్నది లెక్కలోకే రాలేదు. 1862లో ఇంజనీరు హోబ్రెష్ట్ వేసిన నగర పటం పెద్ద పెద్ద వీధులు గీసింది. వాటి మధ్య స్థలాల్లో యజమానులు ముందు వాటా, దాని వెనక వాటా, ఇంకా వెనక మరో వాటా కట్టుకుంటూ పోయి అద్దెలు వసూలు చేసుకున్నారు. జనం వాటిని అద్దె బ్యారకులనేవారు. ఈ 5.34 గుర్తుపెట్టుకోండి, బ్రిట్జ్ దగ్గర పనికొస్తుంది.

నా వరకు ఒక పేటలో చూడాల్సింది స్తంభాలూ శిల్పాలూ కాదు. ఈ ఇళ్ళు కట్టడానికి డబ్బెవరు పెట్టారు, ఎవరి కోసమని చెప్పి కట్టారు, తీరా లోపల చేరిందెవరు? నా తీర్పంతా దీని మీదే. భవనాల అందం ముఖ్యమనుకునేవాళ్ళకు వేరే జవాబు రావచ్చు.

కార్ల్ మార్క్స్ అల్లే

మొదటి చూపులో గెలిచేది ఇదే. దాదాపు 90 మీటర్ల వెడల్పు రోడ్డు, అటూ ఇటూ కోటగోడల్లా ఏడెనిమిది అంతస్తుల భవనాలు, ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్ దగ్గర జంట గుమ్మటాలు. 1949 డిసెంబరు 21న, స్టాలిన్‌కు 70 ఏళ్ళు నిండిన రోజున, దీనికి స్టాలిన్ అల్లే అని పేరు పెట్టారు. 1952 ఫిబ్రవరిలో శంకుస్థాపన. హెర్మన్ హెన్సెల్‌మన్ లాంటి ఆర్కిటెక్టులు మాస్కో వైపు చూస్తూ, పాత బెర్లిన్ నుంచి కొన్ని హంగులు తెచ్చి కలిపి "శ్రామికుల రాజప్రాసాదాలు" లేపారు. లిఫ్టు, ప్రతి గదికీ వెచ్చదనం, వేడినీళ్ళ బాత్రూము. యుద్ధం ముగిసి ఏడేళ్ళే అయిన, సగం శిథిలాల్లో ఉన్న ఊళ్ళో ఇదంటే మాటలా?

డబ్బు ప్రభుత్వానిది, చెమట జనానిది. ఉద్యోగం అయ్యాక వచ్చి శిథిలాలెత్తినవాళ్ళకు గంటల లెక్కన కార్డు మీద ముద్రలేసేవారు. ఆ కష్టంతో ఫ్లాట్ల లాటరీలో పేరు పడేది. కూలిన ఇళ్ళ ఇటుకలే ఏరి మళ్ళీ గోడలకు వాడారు. అలా నిజంగానే కొందరు కార్మికులు ఇక్కడ ఇల్లు సంపాదించుకున్నారు. పార్టీకి, ప్రభుత్వానికి దగ్గరివాళ్ళూ చేరారనుకోండి.

కానీ ఈ వీధికి అసలు చరిత్ర ఇచ్చింది 1953 జూన్. చేయాల్సిన పనిని పది శాతం పెంచి, జీతం మాత్రం అంతే అన్నారు. జూన్ 16న 40వ బ్లాకు కట్టే మేస్త్రీలు పని ఆపి, మంత్రిత్వశాఖల భవనం దాకా ఊరేగింపుగా నడిచారు. మర్నాటికి తూర్పు జర్మనీ అంతా అంటుకుంది. సోవియట్ ట్యాంకులు దిగాయి, కనీసం 55 మంది చనిపోయారు. కార్మికుల రాజ్యంలో, కార్మికుల కోసం ఇళ్ళు కడుతున్న కార్మికులే ముందుగా తిరగబడ్డారు. చరిత్ర కోసమే పేట చూస్తానంటే ఇక్కడికే పొండి, నేను అడ్డుచెప్పను.

స్టాలిన్ విగ్రహం సంగతీ చెప్పాలి. 1951లో పెట్టిన 4.80 మీటర్ల కంచు విగ్రహాన్ని 1961 నవంబరులో రాత్రికి రాత్రే ఎత్తేశారు, వీధి పేరూ మార్చేశారు. ముక్కలు చేస్తుంటే ఓ చెవి, కాస్త మీసం ఎవరో దాచుకున్నారు. తర్వాత ఆ వీధిలోనే ఉన్న కఫే సిబిల్లెలో వాటిని ప్రదర్శనకు పెట్టారు!

నాకు ఇక్కడ అన్నిటికంటే నచ్చేది ఎవరూ ఫోటో తీయని రెండు భవనాలు. 1949–50లో, ఈ ప్రాసాదాల ఆర్భాటం మొదలవక ముందు, లుడ్మిలా హెర్ట్సెన్‌స్టైన్ గీసిన సాదా ఇళ్ళు. మన పాత ప్రభుత్వ క్వార్టర్స్‌లోలాగే ముందు పొడుగాటి వరండా, దాని మీదికే అన్ని గుమ్మాలు. కొత్త ఏలికలకు అది పడమటి పోకడగా కనిపించింది. కూల్చలేక, వాటి ముందు త్వరగా ఎదిగే పాప్లర్ చెట్లు నాటి కనపడకుండా చేశారు.

మరి దీనికి మొదటి మార్కు ఎందుకివ్వలేదు? ఈ వీధిని కవాతుల కోసం గీశారు. రెండు కిలోమీటర్లు నడిచినా మీకు దక్కేవి గోడల ముఖాలే, పక్కన కార్ల హోరు. లోపలి జీవితం బయటికి ఒక్క చోటా కనపడదు. అక్కడివాళ్ళకు తమ ఇళ్ళ మీద ప్రేమ లేదని కాదు. 2018 చివర్లో వందల ఫ్లాట్లు ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్ళబోతుంటే, ఆ గంభీరమైన గోడలకే నిరసన బ్యానర్లు కట్టారు. 2019లో నగరానికి చెందిన సంస్థ సుమారు 670 ఫ్లాట్లు కొనేసింది.

హన్సాఫియెర్టెల్

స్టాలిన్ వీధికి పడమటి బెర్లిన్ ఇచ్చిన జవాబు ఇది. 1943 బాంబుదాడుల్లో పాత హన్సా పేట చాలావరకు నేలమట్టమైంది. యూదు కుటుంబాలు ఎక్కువగా ఉండిన మర్యాదస్తుల పేట అది. కవయిత్రి నెల్లీ జాక్స్ అక్కడే ఉండేది. పాత వీధుల గీతలు చెరిపేసి, 1957లో ఇంటర్‌బౌ పేరుతో అంతర్జాతీయ భవన నిర్మాణ ప్రదర్శన పెట్టారు. కట్టింది పేరున్న ఆర్కిటెక్టులు: వాల్టర్ గ్రోపియస్, ఆల్వార్ ఆల్టో, ఆర్నె యాకబ్సెన్, బ్రెజిల్ నుంచి ఆస్కార్ నీమయర్. ఇంతమంది పెద్దల పని ఒకే పార్కులో పావుగంట నడకలో ఇంకెక్కడ దొరుకుతుంది? జనం తలల మీదుగా కుర్చీ రోప్‌వే కూడా నడిపారు.

నీమయర్ భవనం కింద V ఆకారపు స్తంభాల మధ్య నిలబడి చూడండి. లిఫ్టు టవరు భవనానికి దూరంగా ఒంటరిగా నిలబడి ఉంటుంది, రెండు అంతస్తుల దగ్గర మాత్రమే వంతెనలా వచ్చి కలుస్తుంది. మిగతా అంతస్తులవాళ్ళు మెట్లెక్కాలి, లేదా దిగాలి. ఫోటోకి అద్భుతం. కూరగాయల సంచితో మూడో అంతస్తుకి వెళ్ళేవాళ్ళను అడగండి!

నా అసంతృప్తి ఇక్కడే. మామూలు ఆదాయం ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వ సొమ్ముతో కట్టామన్నారు, కానీ పేట పుట్టింది ప్రదర్శన కోసం, ఒక్కో భవనం ఒక్కో సంతకం. ఇల్లు ఎవరిదని కాకుండా ఆర్కిటెక్టు ఎవరని అడిగే పేట ఇది. చెట్ల నీడ మాత్రం గొప్పగా ఉంటుంది. పక్కనున్న టియర్‌గార్టెన్ పార్కు చెట్లు దాదాపు అన్నీ యుద్ధానంతరం చలికాలాల్లో పొయ్యిల్లోకి పోతే, 1949 నుంచి మళ్ళీ నాటుకుంటూ వచ్చారు. ఆ పార్కు మధ్యగా పోయే పెద్ద రోడ్డు పేరు "జూన్ 17 వీధి". తూర్పున స్టాలిన్ వీధి మేస్త్రీలు చేసిన తిరుగుబాటు పేరు, పడమర తన రోడ్డుకు వారం తిరక్కుండా పెట్టేసుకుంది.

బ్రిట్జ్ లాడం కాలనీ

దాచేదేముంది, నా ఓటు దీనికే.

1923లో జర్మన్ మార్కు చిత్తుకాగితమైంది. ఇళ్ళు తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిన యజమానుల బాకీలు ఆ దెబ్బకు ఆవిరైపోయాయి. ఇళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి. అయాచితంగా వచ్చిన ఈ లాభం మీద 1924లో ప్రభుత్వం పన్ను వేసింది. అందులో కొంత భాగాన్ని కొత్త ఇళ్ళ నిర్మాణానికి తిప్పింది. అంటే 5.34 మీటర్ల పెరళ్ళు కట్టి అద్దెలు పిండినవాళ్ళ సొమ్ముతోనే ఆ పెరళ్ళు లేని ఇళ్ళు లేచాయి. కార్మిక సంఘాలూ సహకార సంఘాలూ కలిసి పెట్టిన గెహాగ్ సంస్థ, 1926 నుంచి నగర నిర్మాణ వ్యవహారాలు చూసిన మార్టిన్ వాగ్నర్, ఆర్కిటెక్టు బ్రూనో టౌట్ కలిసి 1925లో బ్రిట్జ్‌లో పని మొదలుపెట్టారు. 1933 నాటికి దాదాపు 2 వేల ఇళ్ళు.

మధ్యలో పాత చెరువు, దాని చుట్టూ సుమారు 350 మీటర్ల పొడవున వంపు తిరిగిన మూడంతస్తుల తెల్ల భవనం. చెరువువైపు ప్రతి ఫ్లాటుకూ లోపలికి ఒదిగిన బాల్కనీ, దానికి నీలం రంగు. వెనక వీధుల్లో వరుస ఇళ్ళు; అక్కడ నెమ్మదిగా నడవాలి. ప్లాను అన్నిటికీ ఇంచుమించు ఒకటే, డబ్బు మిగిల్చేది అదే కదా. కానీ తలుపులు చూడండి: ఒకటి పసుపు మీద తెలుపు, పక్కది ఎరుపు, ఆ పక్కది ఆకుపచ్చ, చుట్టూ చట్రం వేరే రంగు. గోడలు ఒకచోట ముదురు ఎరుపు, ఇంకోచోట పసుపు. నగిషీలకు డబ్బు లేదు కాబట్టి టౌట్ రంగుతోనే పని కానిచ్చాడు. ఏ తలుపుకు మొదట ఏ రంగు ఉండేదో గోకి, వెతికి తేల్చారు. ఇప్పుడు ఇల్లు కొనుక్కున్నవాళ్ళు కూడా ఇష్టం వచ్చిన రంగు వేయడానికి వీల్లేదు. ప్రతి ఇంటికీ పొడుగ్గా పెరటి తోట, కూర కాయించుకోమని తోటల నిపుణుడు లెబెరెష్ట్ మిగ్గె పట్టుబట్టాడు.

రోడ్డు దాటితే అసలు పోలిక మీ కళ్ళ ముందే ఉంటుంది. ఫ్రిట్స్ రాయ్‌టర్ అల్లేకి ఒకవైపు టౌట్ కట్టిన చదును కప్పుల ఎర్రటి వరుస, "రెడ్ ఫ్రంట్" అని పేరుపడింది. ఎదురుగా అదే కాలంలో ఇంకో సంస్థ కట్టిన ఇళ్ళు, పెంకుల వాలు కప్పులతో, పాత పల్లె పద్ధతిలో. ఇల్లంటే ఎలా ఉండాలన్న ఆనాటి తగవు రోడ్డుకి రెండువైపులా అలాగే నిలబడి ఉంది. కార్ల్ మార్క్స్ అల్లేకీ హన్సా పేటకీ మధ్య ఇదే పోలిక చూడాలంటే రైలెక్కాలి.

నా ప్రశ్నకు బ్రిట్జ్ పూర్తి మార్కులు తెచ్చుకుందా అంటే లేదు. కొత్త ఇళ్ళ అద్దె కూలివాళ్ళకు అందలేదు. చేరింది ఎక్కువగా గుమాస్తాలు, టీచర్లు, నైపుణ్యమున్న పనివాళ్ళు. అరాచకవాద కవి ఎరిష్ మ్యూజామ్ ఇక్కడ ఉండేవాడు. పార్లమెంటు తగలబడిన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న, అతణ్ణి అరెస్టు చేశారు; 1934లో ఒరానియెన్‌బుర్గ్ క్యాంపులో చంపేశారు. తర్వాత యూదుల సామూహిక హత్యల ఏర్పాట్లు చూసిన అడాల్ఫ్ ఐష్‌మన్ కూడా ఇదే కాలనీలో ఓ వరుస ఇంట్లో కాపురం పెట్టాడు. టౌట్ 1933లోనే దేశం వదిలి జపాన్, అక్కడి నుంచి టర్కీ పోయాడు, 1938లో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. మంచి ఇళ్ళు కడితే మంచి సమాజం దానంతటదే వస్తుందన్న ఆశ ఎంత దూరం నడిచిందో తెలియడానికి మ్యూజామ్, ఐష్‌మన్‌ల ఆ రెండు చిరునామాలు చాలు.

గెహాగ్‌ను 1998లో నగరం అమ్మేసింది. ఒకప్పుడు పన్ను సొమ్ముతో లేచిన ఫ్లాట్లు ఇప్పుడు స్టాక్ మార్కెట్ కంపెనీ ఆస్తి, వరుస ఇళ్ళు ఒక్కొక్కటిగా అమ్ముడవుతూ వచ్చాయి. పెద్ద కంపెనీల ఫ్లాట్లను నగరమే తీసుకోవాలని 2021 రెఫరెండంలో సగానికి పైగా ఓటేశారంటే, ఆ కోపంలో ఇలాంటి అమ్మకాలకూ వాటా ఉంది.

యునెస్కో గుర్తింపు కావాలనేవాళ్ళకు: 2008లో చేర్చిన ఆరు బెర్లిన్ కాలనీల్లో బ్రిట్జ్ ఒకటి. కార్ల్ మార్క్స్ అల్లే, హన్సా పేటలను జంటగా చేర్చాలని బెర్లిన్ ప్రతిపాదన పెట్టింది.

మిగతావి గబగబా. సీమెన్స్‌స్టాట్ కూడా ఆ ఆరింటిలో ఒకటే, ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళకు తప్ప అవసరం లేదు. చార్లొట్టెన్‌బుర్గ్‌లో రాజభవనం ఉంది. మన తెలుగువాళ్ళకు అక్కడ ఇంకో సంబంధం: హైదరాబాద్‌లో పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నడిపిన భారత స్వాతంత్ర్య కమిటీ ఆఫీసు ఆ పేటలోనే ఉండేది. పేటగా మాత్రం నాకు అంతగా పట్టదు.

రోజంతా ఉంటే పొద్దున టియర్‌గార్టెన్ ఎస్-బాన్ (లోకల్ రైలు) స్టేషన్లో దిగి హన్సా పేట చూసి, అలెగ్జాండర్‌ప్లాట్జ్ దాకా ఎస్-బాన్‌లోనే వెళ్ళి, యు5 మారి స్టాలిన్ వీధి చూడొచ్చు. పూట మాత్రమే ఉంటే ఆ రెండూ వదిలేసి యు7లో పార్ఖిమర్ అల్లే దగ్గర దిగండి. కాలనీ గురించి చిన్న ప్రదర్శన ఉన్న కఫే వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. చెరువు చుట్టూ పచ్చిక అందరిదీ. ఇళ్ళ వెనక తోటలు మాత్రం అక్కడున్నవాళ్ళవి, రంగు తలుపు ఫోటో కోసం కంచె దాటి వెళ్ళకండి.