కారు మీద కయాక్‌లు, రాత్రికి లాడ్జి: ఏళ్లుగా వాడిన తాళాల గురించి

మా ఇంట్లో రెండు ప్లాస్టిక్ కయాక్‌లున్నాయి. తెడ్డుతో నడిపే చిన్న, సన్నటి పడవలివి. ఒకటి పైన కూర్చునే రకం, ఇంకోటి లోపల కాళ్లు చాపుకుని కూర్చునే రకం. శ్రీకాకుళంలో పొద్దున్నే బయల్దేరి కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటికో, విజయనగరం అవతల తాటిపూడి జలాశయానికో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరితే తాళాల గొడవే లేదు. చలికాలంలో ఒడిశాలోని చిలికా సరస్సు వైపు వెళ్లేటప్పుడే అసలు టెన్షన్. ఆ సరస్సు ఒడ్డున రంభలో తెల్లవారుజామునే నీళ్లలోకి దిగాలంటే ముందు రాత్రే పలాసలోనో, సోంపేటలోనో, ఇచ్ఛాపురంలోనో ఆగాలి. మనం పై అంతస్తులో పడుకుంటాం, కయాక్‌లు కింద కారు మీదే ఉంటాయి. పదడుగుల పడవను లాడ్జి మెట్ల మలుపులు తిప్పి గదిలోకి ఎక్కించడం కుదిరే పని కాదు.

ఆ రాత్రుల కోసం కొన్న వస్తువుల గురించి ఈ సమీక్ష. ఎండలో, ఉప్పుగాలిలో వాడగా కొన్ని మూలన పడ్డాయి, కొన్ని ఇప్పటికీ కారులోనే ఉంటున్నాయి. మన జిల్లాల్లో ఈమధ్య కయాక్ కొంటున్నవాళ్లు పెరిగారు. సైకిల్ చైను ఒకటి చుట్టేస్తే చాలనుకుని ఎవరూ ముచ్చటపడి కొనుక్కున్న పడవను పోగొట్టుకోకూడదు.

అన్నిటికంటే ఎక్కువ కాలంగా నా దగ్గరున్నది ప్లాస్టిక్ తొడుగు వేసిన స్టీలు కేబుల్. రెండు కొసలా ఉచ్చులుంటాయి. 10 ఎంఎం అని అమ్ముతారు గానీ అది తొడుగుతో కలిపి చెప్పే లెక్క, లోపలి తీగ 7, 8 ఎంఎం ఉంటే గొప్ప. ఉచ్చు మొదట్లో తొడుగు ఆగిపోయిన చోట అసలు తీగ కనిపిస్తుంది, కొనేముందు అక్కడ చూసుకోవాలి. దొంగ దగ్గర పొడుగు చేతుల బోల్ట్ కట్టర్ ఉంటే ఈ కేబుల్ క్షణాల్లో తెగుతుంది. ఆ మాట దాచి దీన్ని మెచ్చుకోను. కానీ హైవే పక్కన రాత్రిపూట చేతికందింది పట్టుకుపోదామని వచ్చేవాడి దగ్గర సాధారణంగా ఉండేది కత్తి, మహా అయితే కటింగ్ ప్లేయర్. వాటితో కేబుల్ మీద పడితే చాలాసేపు కుస్తీ పట్టాలి. అంతసేపు లాడ్జి వాకిట్లో నిలబడే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఒకసారి టెక్కలి దాటాక హైవే మీదున్న ఒక లాడ్జిలో దిగాం. తెల్లారి వచ్చి చూస్తే కయాక్‌లను కారు పైనుండే కడ్డీల రాక్‌కు బిగించిన నేత పట్టీలు (స్ట్రాప్‌లు) ముక్కలై కింద పడున్నాయి. బకిల్ జోలికి పోలేదు, కత్తితో ఒక్క లాగు లాగారు. నేత అంచు ఎక్కడా చివికినట్టు లేదు, నున్నగా ఉంది. ఎడమవైపు కయాక్ ముక్కు పక్కకు తిరిగిపోయి కారు అద్దం మీదికి వేలాడుతోంది. కేబుల్ బిగుసుకుపోయి దాన్ని అక్కడే నిలబెట్టింది. తొడుగు మీద దగ్గర దగ్గరగా రెండు గాట్లు, వాటిలోంచి తీగ తెల్లగా మెరుస్తోంది. తీగలో ఒక్క పోగు కూడా తెగలేదు. మా ఆవిడ ఆ గాట్లను వేలితో తడిమి చూసి, ఇకమీదట స్ట్రాప్‌లు మాత్రం కట్టి ఎక్కడా రాత్రి ఆగేది లేదని తేల్చి చెప్పేసింది.

ఆ రోజు కయాక్ దక్కిందంటే కేబుల్ గట్టిదని మాత్రమే కాదు, దాన్ని దూర్చిన చోటు సరైనది. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఇదే: ఎంత ఖరీదు పెట్టి తాళం కొన్నాం అన్నదానికంటే దాన్ని పడవలో ఏ భాగానికి వేశాం, ఆ రెండో కొస కారులో దేనికి కట్టాం అన్నది చూసుకోవాలి. పైన కూర్చునే కయాక్‌కు నీళ్లు కారిపోవడానికి పైనుంచి అడుగుదాకా రంధ్రాలుంటాయి, స్కప్పర్ హోల్స్ అంటాం. కేబుల్‌ను ఒక రంధ్రంలోంచి దింపి, రాక్ కడ్డీ కిందుగా తిప్పి, ఇంకో రంధ్రంలోంచి పైకి తీస్తాను. అప్పుడు కేబుల్ కోయాలి, లేదంటే పడవనే కోయాలి. కోసిన పడవను ఎవరూ కొనరు. ఉచ్చు లావుగా ఉంటే రంధ్రంలో పట్టదు కాబట్టి రంధ్రం వెడల్పు కొలుచుకుని కొనడానికి వెళ్లండి. ముందూ వెనకా మోయడానికుండే పిడులకు తాళం వేసి నిశ్చింతగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. ఆ పిడి రెండు స్క్రూల మీద నిలబడి ఉంటుంది. స్క్రూలు విప్పితే పిడీ తాళమూ మనకు మిగులుతాయి, పడవ పోతుంది.

లోపల కూర్చునే రకానికి ఆ రంధ్రాలుండవు. నడుముకు ఒక్క కేబుల్ చుడితే, పడవ కొసల వైపు సన్నబడుతుంది కాబట్టి, ఎంత బిగించినా జారి వచ్చేస్తుంది. దీనికి వేరే రకం కేబుల్ కావాలి. కూర్చునే గుంతకు ముందొక ఉచ్చు, వెనకొక ఉచ్చు బిగించి, రెండింటినీ గుంత మీదుగా దగ్గరకు లాగి ఒకే తాళంలో కలుపుతాం. ముందు ఉచ్చు ముక్కు వైపు జారబోతే వెనకది పట్టుకుంటుంది, వెనకది తోక వైపు జారబోతే ముందుది పట్టుకుంటుంది. మన దగ్గర షాపుల్లో ఇది దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాను. ధర కొంచెం కుట్టింది గానీ ఆ పడవకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు.

కేబుల్‌లో లోపాలు లేకపోలేదు. ఎండకు తొడుగు బీటలు వేస్తుంది, ఆ బీటల్లోంచి ఉప్పునీళ్లు దిగి లోపలే తుప్పు పడుతుంది, బయటికి ఏమీ తెలియదు. ఉచ్చును పట్టి ఉంచే అల్యూమినియం గొట్టం దగ్గర తెల్లటి పొడి కనిపించిందంటే దాని పని అయిపోయినట్టే. స్టీలూ అల్యూమినియమూ ఉప్పునీళ్లలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియమే ముందు తినేసుకుపోతుంది. నా మొదటి కేబుల్ అలాగే పోయింది. ఇప్పుడు సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఆరాకే చుట్టి పెడుతున్నాను. ఇంకోటి, హైవే మీద వేగానికి వదులుగా ఉన్న కేబుల్ పడవను కొడుతూనే ఉంటుంది. పాత సైకిల్ ట్యూబు నిలువునా చీల్చి, తగిలే చోట తొడిగితే గీతలు పడవు, చప్పుడూ ఉండదు.

గట్టి స్టీలు గొలుసు కూడా కొన్నాను. దొంగకు కష్టం పెట్టే విషయంలో కేబుల్ దీని కాలి గోటికి సరిపోదు. కానీ కారు మీద నేను వాడను. బరువు ఎక్కువ, స్కప్పర్ రంధ్రంలో ఇరుక్కుంటుంది, ఎండలో కాలిపోయి చేతికి రాదు. ఒకే చోట రెండు, మూడు రాత్రులుంటే కయాక్‌లు దింపేసి లాడ్జి వెనక స్తంభానికి ఈ గొలుసుతో కట్టేస్తాను. ఇంటి దగ్గర కూడా ఇదే కాపలా. మనది తుఫాన్ల జిల్లా, 2018లో తిత్లీ ఉద్దానాన్ని ఏం చేసి పోయిందో మరచిపోలేం. ఖాళీ కయాక్ పాతిక కిలోలు కూడా ఉండదు, గట్టి గాలికి లేచిపోతుంది. గొలుసు ఆ పనికీ పనికొస్తుంది.

తాళం కప్ప విషయంలో నాకు బాగా చేదు అనుభవమైంది నంబర్ల తాళంతో. తాళంచెవి పోతుందన్న భయం ఉండదని ఆన్‌లైన్‌లో కొన్నాను. బారువ తీరంలో ఒక సాయంత్రం ఇసుక దూరి చక్రాలు తిరగలేదు. నీళ్లు పోశాను, నూనె వేశాను, లాభం లేదు. చివరికి సోంపేటలో వెల్డింగ్ షాపు కుర్రాడు హ్యాక్సా బ్లేడు పెట్టి కొంకి కోశాడు. అతను గట్టిగా ఊపిరి కూడా పీల్చకముందే కొంకి ఊడి కింద పడింది. “ఏటి సార్, ఇది ఇనుమేనా?” అని అడిగాడు. ఆ కంపెనీ వాళ్లు పెట్టె మీద గట్టిపరచిన స్టీలు అని రాశారు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే జవాబు లేదు. అప్పటి నుంచి ఇత్తడి ఒళ్లున్న తాళాలే వాడుతున్నాను. గోద్రెజ్ నవ్‌తాల్ జత మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్నవే, ఉప్పుగాలికి ఒళ్లు నల్లబడింది గానీ లోపల తిరగడం ఆగలేదు. చెవి రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీస్తాను. నూనె వేస్తే ఇసుక అంటుకుంటుంది, అందుకని గ్రాఫైట్ పొడి వేస్తాను. పెన్సిల్ ముల్లు గీరినా వస్తుంది.

టెక్కలి సంగతి జరిగాక తాళం ఉన్న స్ట్రాప్‌లు తెప్పించాను. నేత లోపల స్టీలు తీగలుంటాయి, బకిల్‌కే తాళంచెవి. కత్తి పెడితే పై నేత తెగి లోపలి తీగ దగ్గర ఆగిపోతుంది. కట్టడం, తాళం వేయడం ఒకే పని కావడం పెద్ద సుఖం. టీకి ఆగినప్పుడు, టిఫిన్‌కు ఆగినప్పుడు కేబుల్ తీయకుండా వీటితోనే సరిపెట్టుకుంటున్నాను. వాడగా వాడగా బకిల్ మీది రబ్బరు మూతలు ఊడిపోయాయి, రంధ్రంలో ఇసుక చేరుతోంది. మామూలు స్ట్రాప్‌లా మెత్తగా మడత పడవు, డిక్కీలో చోటు తినేస్తాయి. వీటిని నమ్ముకుని కేబుల్ మానేయడం మాత్రం నేను చేయను.

ఇంత చేసి రాక్‌ను వదిలేస్తే మొత్తం వృథా. కడ్డీలు కారును పట్టుకునే కాళ్లలో అలెన్ బోల్టులుంటాయి. వాటి మూతకు తాళం లేకపోతే అలెన్ కీతో విప్పి, కేబులూ కయాకూ అన్నీ కలిపి రాక్‌తో సహా దింపేసుకోవచ్చు. మూతలకు తాళం ఉన్న రాక్ కొనండి. పాత రాక్ అయితే ఇంకో కేబుల్‌ను కారు కింద స్థిరంగా ఉండే టో హుక్ (బండిని లాగడానికి తాడు కట్టే కొక్కెం) దాకా తీసుకెళ్లి కట్టండి.

కారు ఆపే తీరు కూడా తాళంతో సమానం. రాక్ మీది కయాక్‌ను పొడవునా లాగితేనే సులువుగా దిగుతుంది, అందుకని పడవ తోక గోడకు దాదాపు ఆనేలా రివర్స్ చేసి పెడతాను. ముక్కు వైపు లైటు, వీలైతే కెమెరా. లాడ్జి వాచ్‌మన్‌తో ముందే మాట్లాడటం నాకు అలవాటు. ఇచ్ఛాపురంలో మేం ఎప్పుడూ దిగే చోట ఒక పెద్దాయన ఉన్నాడు. మొదటిసారి చూసి, “ఏటి బాబూ ఇది, పడవేనా? బొగ్గుల బస్తా అంత కూడా బరువు లేదేటి?” అన్నాడు. దింపి చూపించాను, తెడ్డు చేతికిచ్చాను. “తాతా, తెల్లారి నాలుగింటికి మేమిద్దరమే వచ్చి తీస్తాం. మరెవరు ముట్టుకున్నా నన్ను లేపెయ్” అని ఫోన్ నంబరు రాసిచ్చాను. “పడుకోండి బాబూ, నాను చూస్తాను” అన్నాడు. టీ డబ్బులు ఇస్తాం సరే, కానీ అది ఏ వస్తువో, దానికి యజమానులెవరో అతనికి తెలిసి ఉండటం వల్ల వచ్చిన ధీమా వేరు. మోషన్ అలారం కూడా పెట్టి చూశాను. హైవే మీద లారీ పోయినప్పుడల్లా మోగింది, రెండో రాత్రికే తీసేశాను.

ఇంకో మాట మన మత్స్యకారుల దగ్గర నేర్చుకున్నాను. కళింగపట్నంలో ఫైబర్ తెప్పలు రాత్రంతా ఇసుకలోనే ఉంటాయి, ఇంజన్‌ను మాత్రం కర్రకు కట్టి భుజాన మోసుకుని ఇంటికి తీసుకుపోతారు. “పడవెవడెత్తుకెళ్తాడు బాబూ, ఇంజనైతే చటుక్కున పట్టుకుపోతాడు గానీ” అన్నాడు ఒకాయన. కయాక్‌కూ అంతే. తెడ్లు, సీటు, లైఫ్ జాకెట్ మేం గదిలోకి తీసుకెళ్లిపోతాం. పడవ పెద్దది, దాచడం కష్టం. తెడ్డు రెండు ముక్కలై సంచిలో పడుతుంది, అది పోతే మర్నాడు రంభలో ఒడ్డునే కూర్చోవాలి.

పోతే ఏం చేయాలన్నది ముందే సిద్ధం చేసుకోవాలి. మా కయాక్‌లకు వెనక కుడివైపు అంచున తయారీ నంబరు చెక్కి ఉంది. దాని ఫోటో, బిల్లు, పడవ మీదున్న గీతల ఫోటోలు ఫోన్లో పెట్టుకున్నాను. డెక్ మూత లోపల కాల్చిన సూదితో మా ఇంటి పేరు రాశాను. కారు పాలసీ కారుకే, దాని మీద మోసే కయాక్‌కు వర్తించదు. దొంగతనం ఒడిశాలో జరిగి మనం ఇచ్ఛాపురం వచ్చేశాక తెలిస్తే వెనక్కి పరిగెత్తక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మన దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ పెట్టించుకోవచ్చు. వస్తువు ఎక్కడుందో ఫోన్లో చూపించే బ్లూటూత్ ట్యాగ్ ఒకటి నీళ్లు దూరని కవర్లో పెట్టి ముందు అరలో అతికించాను. ప్లాస్టిక్ సిగ్నల్‌కు అడ్డురాదు. అయితే చుట్టుపక్కల ఫోన్లుంటేనే అది పలుకుతుంది. పలాస బజారులో బాగా చూపిస్తుంది, మనుషులు లేని తీరంలో ఏమీ చూపించదు.

గాలి నింపే కయాక్ కొంటే ఈ బాధలేవీ ఉండవు కదా అని చాలామంది అడుగుతున్నారు. నిజమే, రాత్రికి గాలి తీసి సంచిలో పెట్టుకుని గదిలోకి తీసుకెళ్లొచ్చు. రైల్లో వెళ్లేవాళ్లకు, తాటిపూడి లాంటి నిలకడ నీళ్లలో తిరిగేవాళ్లకు అదే మేలు. వంశధార మొగలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక మాత్రం అది తిన్నగా పోదు, తెడ్డు వేసినకొద్దీ పక్కకే పోతుంది. తడిగా మడిచి పెడితే బూజు పడుతుంది, మన వానాకాలంలో ఆరబెట్టడం పెద్ద పని. స్నేహితుడిది తీసుకుని వాడి చూశాకే, మాకు ప్లాస్టిక్ కయాక్‌లూ, వాటి కేబుళ్లూ ఉండనీ అనుకున్నాం.